ఆరు నెలలు అక్కడే ఉండాలట

ఆ వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆడవాళ్ల బట్టలు కుట్టేది. ఇల్లు వదిలి నాలుగు రోజులు ఎక్కడా ఉన్న మనిషి కాదు. అలాంటిది నలభై తొమ్మిదో ఏట, ఒకరోజు భోజనాల దగ్గర ఒక కాగితం తీసి భర్త ముందు పెట్టింది.

దివ్యాంగులంతా కలిసి ఉండే నివాసం ఒకటి బస్సులో ఆరు గంటల దూరంలో ఉంది. వాళ్లతోపాటే ఆరు నెలలు ఉండి సాయం చేసేవాళ్లు కావాలట. జీతం లేదు, గదీ భోజనమూ వాళ్లే ఇస్తారు.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. కాగితాన్ని భూతద్దం పెట్టి మరీ చదివాడు.

"ఆరు నెలలా?"

"వెళ్తానని అనలేదుగా. ఆలోచిస్తున్నా, అంతే."

"నువ్వు ఆలోచిస్తున్నా అన్నావంటే సగం పెట్టె సర్దేసినట్టే."

అత్తగారు మధ్యలో అందుకుంది. "వెళ్లనీరా. నీకు వంట రాదని దాన్ని ఎన్నాళ్లు కట్టేస్తావ్? నేను కుర్చీ వేసుకుని చెప్తా, నువ్వు చెయ్యి."

ముందు మూడు రోజులు ఉండి చూడమన్నారు నివాసం వాళ్లు. వెళ్లింది. మొదటి రోజు పొద్దున్నే, వణికే చేతులతో చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒకావిడ కనబడింది. నాలుగు గుండీలకే పావుగంట పట్టింది. అయిదోది జారిపోతుంటే మిషనక్క ఉండబట్టలేక చటుక్కున వెళ్లి పెట్టేసింది. ఆవిడ ఆ గుండీ విప్పేసి, మళ్లీ తనే మొదలుపెట్టింది.

"సాయం చేద్దామని..."

"నేను అడిగానా అక్కా?"

మిషనక్క మొహం చిన్నబోయింది. చేతులు కట్టుకుని కూర్చోవడం ఆమెకు తెలియని విద్య. ఇక్కడ నేనెందుకూ పనికిరాననుకుని, తిరుగు బస్సు ఎన్నింటికో కూడా కనుక్కుంది.

సాయంత్రం ఆవిడే వచ్చి పక్కన కూర్చుంది. "బట్టలు కుడతావటగా. ఈ గుండీలు మరీ చిన్నవి. పెద్దవి వెయ్యగలవా?"

"అసలు గుండీలే తీసేసి, అంటించే పట్టీ కుట్టేస్తా. చిటికెలో పని."

"వద్దు. నాకు గుండీలే ఇష్టం."

మరునాడంతా ఆ పనే. పెద్ద గుండీలు, వాటికి తగ్గ కాజాలు. ఆవిడ పక్కనే నిలబడి రంగు ఎంచింది. ఒకటి వంకరగా వచ్చిందని విప్పించి మళ్లీ కుట్టించింది. ఇంత నసపెట్టే మనిషి ఇన్నేళ్లలో తగల్లేదని మిషనక్క లోలోపల మురిసిపోయింది. మూడో రోజు ఆవిడ అయిదు నిమిషాల్లో చొక్కా తొడుక్కుని, "నాకింకా ఆరు చొక్కాలున్నాయి" అంది.

ఇంటికి వచ్చేసరికి భర్త పొయ్యి దగ్గర, అత్తగారు కుర్చీలో ఉన్నారు. మాడు వాసన వస్తోంది.

"ముందు మూడు నెలలుండి వస్తా, వాళ్లూ సరేనన్నారు. మీరేమంటారు?" అంది.

అతను గరిటె తిప్పుతూనే అడిగాడు. "అక్కడ గోడగడియారాలేవైనా ఆగిపోయి ఉన్నాయా?"

"రెండున్నాయి."

"అయితే నేనూ ఆదివారాలు వస్తా."

మూడు నెలలని వెళ్లిన మనిషి అయిదు నెలలుండి వచ్చింది. ఈలోగా భర్త మూడు కూరలు నేర్చుకున్నాడు. అందులో రెండు తినొచ్చని అత్తగారే ఒప్పుకుంది.