వడ్లు ఆరబోసిన టెన్నిస్ కోర్టు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నేను బాన్సువాడలోని ఒక బాలికల బడిలో చేరాను. అప్పటిదాకా పెద్ద కొడప్‌గల్‌లో పీఈటీని, అంటే వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పదోన్నతి మీద వచ్చాను కాబట్టి ఇక్కడ నా హోదా పీడీ, ఫిజికల్ డైరెక్టర్. పీఈటీ పిల్లల్ని పరుగెత్తిస్తుంది, పీడీ పరుగెత్తించి కాగితాల మీద సంతకం కూడా పెడుతుంది. అంతకుమించి తేడా లేదు. డైరెక్టర్ అనగానే పెద్ద గది, బల్ల, గంట ఉంటాయనుకుని మా చుట్టాలు ఒకరిద్దరు చూడటానికి కూడా వచ్చారు. నాకున్నవి ఒక ఈల, ఒక ఇనుప బీరువా, గీతలు వేసుకునే సున్నం డబ్బా.

బడి వెనుక, మార్కెట్ యార్డు గోడ పక్కన, వెడల్పాటి సిమెంటు గచ్చు ఉండేది. బాస్కెట్‌బాల్ కోసమని ఎప్పుడో పోశారు. స్తంభాలు తర్వాత వస్తాయన్నారు, రాలేదు. ఊరిలో పనిచేసి బదిలీ అయిన ఒక బ్యాంకు మేనేజరు పోతూ పోతూ నాలుగు టెన్నిస్ రాకెట్లు, ఒక సంచీడు బంతులు మా బడికి ఇచ్చి వెళ్లాడు. నేను వాలీబాల్ మనిషిని. టెన్నిస్ గురించి నాకు తెలిసిందల్లా లెక్క పదిహేను, ముప్పై అని పోతుందనే. నిబంధనల పుస్తకం తెప్పించుకుని, టేపు పట్టుకుని, సున్నంతో గీతలు గీశాను. చిరిగిన వాలీబాల్ వలను కిందికి దించి, నిబంధన ప్రకారం నడిమధ్య మూడడుగుల ఎత్తు వచ్చేలా బెల్టు ముక్కతో లాగి కట్టాను. గచ్చు మీద కోర్టు పట్టింది కానీ వెనుక గీత దాటాక అడుగులు వేయడానికి చోటు లేదు. అందుకే మా పిల్లలు బంతి లేస్తుండగానే కొట్టడం నేర్చుకున్నారు. అది గొప్ప పద్ధతి అని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం గోడ తగులుతుందన్న భయం, అంతే.

అక్టోబరు చివర వానాకాలం వరి కోతలు మొదలయ్యాయి. ఒక సోమవారం పొద్దున వెళ్లి చూస్తే నా కోర్టు లేదు. గచ్చు నిండా వడ్లు. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుంటే వడ్లు తూకం వేయరు. యార్డు లోపల చోటు చాలక, చుట్టుపక్కల రైతులు ఎన్నో ఏళ్లుగా మా గచ్చు మీదే వంతుల ప్రకారం ఆరబెట్టుకుంటున్నారట. నేను కొత్తదాన్ని కాబట్టి అరిచాను. వాళ్లు పాతవాళ్లు కాబట్టి వినలేదు. చివరికి హెడ్మాస్టరు ఎదుట రాజీ కుదిరింది. కోర్టును నిలువునా సగం చేసి సున్నం గీత గీశాను. తూర్పు సగం వడ్లకు, పడమటి సగం ఆటకు. ఏడాదికి రెండు పంటలు, పంటకు నెల పైన. అన్నాళ్లూ మా టెన్నిస్ సగం కోర్టు టెన్నిస్.

రైతులు ఒక షరతు పెట్టారు. బంతి వడ్లలో పడితే, కొట్టిన పిల్ల చెప్పులు విడిచి, వడ్లన్నీ ఒకసారి కాళ్లతో తిరగేయాలి. ఎండ సమంగా తగలాలంటే వడ్లను ఎలాగూ తిరగేస్తూ ఉండాలి. నేను దాన్ని శిక్షగా ఒప్పుకున్నాను, వాళ్లు కూలీ తప్పిందని సంబరపడ్డారు. కొన్నాళ్లకు రైతులు గోడ నీడన కూర్చుని మా పిల్లలు ఎప్పుడు గురి తప్పుతారా అని కళ్లలో వత్తులు వేసుకుని చూసేవారు.

ఆ శిక్ష మొదట్లో ఎక్కువగా అనుభవించింది రజిత, తర్వాత అసలు అనుభవించనిదీ రజితే. బీర్కూర్ దారిలో కౌలుకు వరి వేసే సాయిలు కూతురు. అప్పుడు ఆరో తరగతి. నల్లగా, పొడుగ్గా, మాటకు ముందు నవ్వే పిల్ల. రెండు పంటలు గడిచేసరికి బంతిని సున్నం గీత వెంబడి ఎంత గట్టిగా కొట్టినా గీత దాటనిచ్చేది కాదు. వాళ్ల నాయిన ఒకసారి నాతో ఫిర్యాదు చేశాడు.

"మీరు మంచిగ నేర్పుతుండ్రు మేడం, గని మా వడ్లు తిరగేసెటోళ్లు లేకుంట అయిండ్రు."

మరుసటి సంవత్సరం నవంబరులో హైదరాబాదులోని ఒక క్రీడా వసతి బడికి టెన్నిస్ సెలెక్షన్లు జరిగాయి. చేరితే తిండి, చదువు, శిక్షణ అన్నీ అక్కడే. పన్నెండేళ్లు దాటితే తీసుకోరు. రజితకు ఆ ఏడాది కాకపోతే ఇక లేదు. సరిగ్గా నిజామాబాదులో ట్రయల్స్ రోజే ఆ పిల్ల జ్వరంతో మూలుగుతూ పడుకుంది. నేను ఒక్కదాన్నే వెళ్లి, సెలెక్టరు సుజాత గారి వెంట పడ్డాను. ఒకప్పుడు దేశం తరఫున ఆడిన మనిషి, మాట తక్కువ. సెలెక్షన్ల ఆఖరి రోజు బాన్సువాడ మీదుగా వచ్చి గంటసేపు చూస్తానని ఒప్పుకున్నది నా పోరు పడలేకనే.

ఆ ఆఖరి రోజుకు రజిత జ్వరం తగ్గింది, కానీ గచ్చు మీద వంతు సాయిలుది.

ముందురోజే బతిమాలాను, ఒక్క పూట కోర్టు మొత్తం ఖాళీ చేయమని. సాయిలు ఆకాశం వైపు చూపించాడు.

"మబ్బు సూసిండ్రా మేడం? ఇయ్యాల ఇడిసిపెడితే మళ్ల నా వంతు ఎన్నడొస్తదో. తడిస్తే మొలకలొస్తయి. గీ పంట మీదనే ఉన్నం. బిడ్డ ఆడొద్దని అంటలేను. ఎప్పటిలెక్కనే సగం ఆడుకోండ్రి."

ఒకే గచ్చు మీద ఒకే రోజు ఆ ఇంటి పంటా, ఆ ఇంటి పిల్ల చదువూ రెండూ తేలాలి.

సుజాత గారు కారు దిగి, వడ్లను చూసి, నన్ను చూశారు. నేను రాజీ సంగతి, శిక్ష సంగతి చెప్పాను. ఆమె పెదవి కొంచెం కదిలింది, నవ్వో కాదో తెలియలేదు. పద్ధతి ప్రకారం మొదట ఎత్తు, బరువు, నిలబడి దూకే దూరం, అటూ ఇటూ పరుగు కొలిచారు. తర్వాత ర్యాలీ. అంటే పాయింట్ల లెక్క లేకుండా బంతిని అవతలికి పంపుతూ ఉండటం. పడమటి సగంలో సుజాత గారు, రజిత ఎదురెదురుగా నిలబడ్డారు. రజిత బంతులు గీతను ఒరుసుకుంటూ పోతున్నాయి. ఒకటి మరీ వేగంగా వచ్చేసరికి సుజాత గారి రాకెట్ తిరిగి, బంతి వెళ్లి వడ్లలో పడింది.

సాయిలు లేచి, తలపాగా సవరించుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు.

"మేడం, మాతాన ఒక రూలున్నది."

సుజాత గారు బూట్లు, సాక్సులు విప్పి, ట్రాక్ ప్యాంటు మడుచుకుని, వడ్లన్నీ ఈ చివర నుంచి ఆ చివరికి తిరగేశారు. దేశం తరఫున ఆడిన కాళ్లతో వడ్లు తిరగేయించుకున్న రైతు జిల్లాలో సాయిలు ఒక్కడే ఉంటాడు. ఆమె పని ముగించి, సరిగా తిరగేశానా అని అడిగారు. మూలకు ఇంకొంచెం మిగిలిందని సాయిలు చెప్పాడు.

అంతలో మబ్బు కమ్మింది. చల్లగాలి తగలగానే ఎవరూ చెప్పకుండానే అందరం వడ్ల మీద పడ్డాం. పిల్లలు, రైతులు, నేను, సుజాత గారు కూడా. కుప్ప చేసి గోడవారకు చేర్చి తాడిపత్రి పట్టా కప్పి రాళ్లు పెట్టాం. చినుకు ఇంకా రాలేదు. చూస్తే కోర్టు మొత్తం ఖాళీ.

సుజాత గారు వెంటనే రాకెట్ అందుకుని, ఇప్పుడు పాయింట్లు ఆడదామన్నారు. సెలెక్షన్‌లో అసలు మార్కులు అక్కడే. నా గుండె కుదుటపడింది. అది మూడు బంతుల ముచ్చట అయింది. ఆమె క్రాస్ కోర్ట్ కొట్టారు, అంటే ఈ మూల నుంచి ఆ మూలకు. బంతి తూర్పు సగంలో పడింది. రజిత కదలలేదు. నిలబడి చూసింది. రెండోది, అంతే. మూడోది, అంతే. బంతి అందక కాదు, అసలు కాలే ఎత్తలేదు.

సుజాత గారు వల దగ్గరికి వచ్చి, ఎందుకు పరుగెత్తలేదని అడిగారు. ఆ పిల్ల అమాయకంగా చెప్పింది.

"గా దిక్కు వడ్లుంటయి గద మేడం."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడు పంటలుగా ఆ సున్నం గీత గీసింది నేనే. పంటలు లేని నెలల్లో పూర్తి కోర్టు ఆడించినా, కోతల కాలం రాగానే ఆ పిల్ల కాళ్లు వాటంతటవే సగానికి తగ్గిపోతున్నాయని నేను గమనించనే లేదు. సుజాత గారు రాకెట్ చంకలో పెట్టుకున్నారు. ఇక అయిపోయింది అనుకున్నాను.

గోడ దగ్గర తాడిపత్రి మీద రాయి సర్దుతున్న సాయిలు తలెత్తి గట్టిగా అరిచాడు.

"వడ్లు ఎత్తినం గదనే బిడ్డా, ఇగ ఉరుకు!"

రజిత తూర్పు సగం వైపు తిరిగి, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత సుజాత గారితో, ఒక్కటి మళ్లీ వేయమని అడిగింది. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, వెళ్లి తన చోట నిలబడ్డారు. ఆ బంతికి రజిత ఉరికింది. తర్వాతి దానికీ ఉరికింది. సగానికి సగం ఓడిపోయింది, కానీ వదిలిన బంతి మాత్రం లేదు. తూర్పు మూల నుంచి గీత వెంబడి కొట్టిన ఒక దెబ్బకు సుజాత గారే నిలబడి చూశారు. అప్పుడు వాన పడింది.

వారం తర్వాత బడికి ఫోన్ వచ్చింది, తీసుకున్నామని. నేను ఉండబట్టలేక కారణం అడిగాను. కొట్టడం చాలామందికి వచ్చు, ఒక్క మాటకు అలవాటు మార్చుకున్న పిల్ల ఆ ఏడాది తనకు ఒక్కతే కనిపించిందని సుజాత గారు చెప్పారు. సాయిలుకు చెబితే, అక్కడి కోర్టులో కూడా వడ్లు పోస్తారా అని అడిగాడు.

ఆ తర్వాతి ప్రయాణం చెప్పడం తేలిక, నడవడం కష్టం. రజిత జూనియర్ పోటీల్లో మూడేళ్లు పేరు తెచ్చుకుంది. పద్దెనిమిది నిండాక ప్రొఫెషనల్ అయింది. మహిళల అంతర్జాతీయ టోర్నీల్లో అన్నిటికంటే కింది మెట్టు ఒకటుంది. అక్కడ ముందు క్వాలిఫయింగ్ గెలవాలి, తర్వాత అసలు పోటీ అయిన మెయిన్ డ్రాలో గెలవాలి, అప్పుడే ర్యాంకింగ్ పాయింటు. మొదటి సంవత్సరమంతా క్వాలిఫయింగ్‌లోనే ఓడింది. ఓడిన ప్రతిసారీ ఫోన్ చేసేది, ఏడుపు అయ్యాక నవ్వేది. తర్వాత ఒక పాయింటు, ఆపైన ర్యాంకు, ఆ ర్యాంకుతో నేరుగా మెయిన్ డ్రా. నేను ఆ మధ్యలో రిటైరయ్యాను.

పోయిన నవంబరులో మొదటిసారి సింగిల్స్ ఫైనల్ చేరింది. ఆ రోజు గచ్చు మీద సాయిలు వడ్లు ఉన్నాయి. స్తంభాలు ఇప్పటికీ రాలేదు. నేను, సాయిలు గోడ నీడన కూర్చుని నా ఫోన్‌లో చూశాం. రజిత, ఎదుటి పిల్ల చెరొక సెట్ గెలిచారు. మూడో సెట్‌లో రజిత అలసిపోయి ఒక పక్కకే అతుక్కుపోయింది. ఎదుటి పిల్ల అది కనిపెట్టి ఖాళీ మూలకే కొడుతోంది. రెండు బంతులు రజిత కదలకుండా చూసింది. ఆ నిలబడటం నేను గుర్తుపట్టాను. సాయిలు కూడా గుర్తుపట్టాడు. ఫోన్ దగ్గరికి వంగి, మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"వడ్లు ఎత్తినం బిడ్డా."

అక్కడికి వినబడదని ఇద్దరికీ తెలుసు. మూడో బంతికి రజిత ఉరికింది. ఆ సెట్ గెలిచింది, కప్పు గెలిచింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు, రెండు బంతులు ఎందుకు వదిలావని మొట్టమొదట అదే అడిగాను. అలసిపోతే ఇప్పటికీ కాళ్లు ఆగుతాయని, అప్పుడు నాయిన గొంతు గుర్తు తెచ్చుకుంటానని చెప్పింది. సాయిలు ఫోన్ తీసుకోగానే ఆ పిల్ల అడిగిన మాట నాకూ వినపడింది.

"నాయినా, వడ్లు ఎండినయా?"

సుజాత గారు వచ్చిన ఆ రోజు నా వృత్తిలో నాకొక పని నేర్పింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఎక్కడ సెలెక్షన్‌కు కూర్చున్నా, పిల్ల కదలడం లేదని మార్కులు కోసే ముందు, మీ ఊరి గ్రౌండులో కోతల కాలంలో ఏం ఆరబోస్తారని అడిగేదాన్ని. కోటగిరి వైపు పిల్లలు మక్కజొన్నలనేవారు, మరో ఊరి పిల్లలు మిరపకాయలనేవారు. అవి ఎత్తేశారనుకుని మళ్లీ ఒకసారి ఆడమనేదాన్ని.