పిన్నీ, చైనా మొగుడూ

ఆ చైనా సీరియల్లో మొగుణ్ణి మొదట మెచ్చుకున్నది మా చిన్నాన్నే. తెల్లచొక్కా వేసుకుని, ఎప్పుడూ గొంతు పెంచకుండా మాట్లాడే పొడుగాటి మనిషి ఆ మొగుడు. పెళ్లాం చేప తింటుంటే ముళ్లు తీసి పెడతాడు. చలేస్తే తన కోటు విప్పి కప్పుతాడు. "సూసినావా, ఆడమనిషిని ఎలగ సూసుకోవాలో," అని చిన్నాన్న పిన్ని వైపు తిరిగి అనేవాడు, ఆ ముళ్లన్నీ తనే తీసినట్టు.

బర్మాలో, మా తామ్వే పేటలో మేం ఒకే బిల్డింగులో ఉంటాం. వాళ్లది మూడో అంతస్తు, నాది రెండోది. ట్యూషన్ పిల్లలు వెళ్లిపోగానే నేను పైకెక్కేదాన్ని. సీరియల్లో మాటలు చైనా భాషలో, కింద బర్మా అక్షరాలు. పిన్ని బర్మా బడిలో చదువుకున్నదే కానీ, "నాను సదివేలోపల అవి ఎల్పోతన్నాయే," అని గొడవ పెట్టేది. అందుకని నేను చదివి తెలుగులో చెప్పాలి. కరెంటుంటే టీవీలో, పోతే నా ఫోన్లో. ఫోన్లో చూసే రోజుల్లో ముగ్గురం తలలు ఆనించుకుని కూర్చునేవాళ్లం, చిన్నాన్న మీసాలకి రాసిన కొబ్బరినూనె వాసన పీలుస్తూ.

కొన్ని వారాలకి ఆ మొగుడి సంగతి బయటపడింది. భార్య ఏ బట్టలు కట్టుకోవాలో ఆయనే తీసి మంచం మీద పెడతాడు. చిన్ననాటి స్నేహితురాలు ఇంటికొస్తే గేటు దగ్గరనుంచే నవ్వుతూ పంపేస్తాడు. ఒకరోజు ఆమె పేరు మీద ఆఫీసుకి తనే రాజీనామా పంపేశాడు. అన్నిటికీ ఒకటే మాట: "నీ మంచికే." ఆ మాట ఎన్నిసార్లు చదివానో, చివరికి నేను నోరు తెరిచేలోగా పిన్నే అనేసేది.

ఒక సాయంత్రం వాళ్లు హోటల్లో కూర్చున్నారు. వడ్డించే అమ్మాయి ఏం కావాలని భార్యని అడిగింది. మొగుడు జవాబు చెప్పాడు. అమ్మాయి మళ్లీ భార్య వైపే చూసింది. మొగుడు మళ్లీ చెప్పాడు.

"ఆవిడికి నోరు లేదేటి?" అంది పిన్ని.

నేను చిన్నాన్న వైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడ్డాను. ప్రతి ఆదివారం పొద్దున్న మా వీధి చివర టీ దుకాణంలో ఆయన చేసేది సరిగ్గా అదే మరి.

చిన్నాన్న చెడ్డవాడు కాదు. ఆయన తాత అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు, ఈయన అదే రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. క్రేను మోతలో అరిచి అరిచి మామూలు మాట కూడా ఆర్డరు వేసినట్టే వినిపిస్తుంది. పిన్ని ఫోను ఆయన జేబులో ఉంటుంది, ఆమె పారేసుకుంటుందని. బజారుకి ఆయనే తీసుకెళతాడు. ఊరికి ఆ చివర ఇన్సేన్‌లో ఉన్న వాళ్ల అప్పని, అంటే మా పెద్దమ్మని, చూడాలంటే ఆయనకి వీలు కుదిరాకే. ఇవన్నీ ప్రేమ కాదని నేననను.

ఆ ఆదివారం టీ దుకాణం ఆవిడ మా బల్ల దగ్గరికొచ్చింది. చిన్నాన్న ఎప్పట్లాగే మొదలెట్టాడు. "ఈవిడికి పలచన టీ, తీపి తక్కువ..."

"కాదు," అంది పిన్ని. బర్మా భాషలో, నింపాదిగా, ఒక్కో మాటా నములుతున్నట్టు చెప్పింది. చిక్కటి టీ, పాలు ఎక్కువ, తీపి ఎక్కువ. నాన్‌రొట్టె, ఉడికిన బఠానీలు. పైన వేయించిన ఉల్లిపాయలు.

చిన్నాన్న నోరు తెరుచుకునే ఉంది. "నీకు పలచన టీ ఇష్టం కాదేటి?"

"నాకెప్పుడూ ఇష్టం లేదు."

"మరిన్నాళ్లూ సెప్పలేదేటి?"

"ఎవులడిగినారు?" అని రొట్టె తుంచి టీలో ముంచింది. తింటూ తింటూ ఇంకో మాట అంది. "బుదవారం అప్ప కాడికి ఎల్తాను. రైల్లో. నానొక్కద్దాన్నే."

చిన్నాన్న కప్పు కింద పెట్టేశాడు. రైల్లో జనం, తోపులాట, ఎక్కడ దిగాలో తెలీక ఎక్కడికో వెళ్లిపోతుంది, రోజులసలే బాగాలేవు అని వరసగా చెప్పుకొచ్చాడు. "నానూ వొస్తాను," అన్నాడు చివరికి.

"ఒద్దు."

"ఏవే గుంటా, నువ్వైనా సెప్పు మీ పిన్నికి," అని నా మీదికి వచ్చాడు. నా నోటినిండా బఠానీలున్నాయి. అదే మంచిదైంది.

బుధవారం పొద్దున్నే పిన్ని ఆకుపచ్చ చీర కట్టుకుని, చెంపలకి తనకా చెక్క గంధం రాసుకుని, ఫోను అడిగి తీసుకుని మెట్లు దిగింది. మధ్యాహ్నానికల్లా చిన్నాన్న మా గుమ్మంలో ఉన్నాడు. ఫోను చేస్తే ఎత్తడం లేదట. నేను చేశాను, మోగుతోంది, ఎత్తలేదు. పెద్దమ్మకి చేస్తే లైను కలవలేదు. ఆయన కూర్చుంటాడు, లేస్తాడు, బాల్కనీలోంచి వీధిలోకి తొంగి చూస్తాడు. మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇక భరించలేక, "పదండి చిన్నాన్నా, స్టేషన్‌కి పోదాం," అన్నాను.

తామ్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. ఊరంతా చుట్టి వచ్చే రైళ్లు ఆగుతున్నాయి, పోతున్నాయి. కూరగాయల గంపలు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. పిన్ని మాత్రం లేదు.

"ఆ రైలు సంగతి దానికేటి తెలుసు?" అన్నాడు చిన్నాన్న పదోసారి.

నాకు అప్పుడు తట్టింది. "చిన్నాన్నా, పిన్ని పుట్టింది ఇన్సేన్‌లోనే కదా?"

ఆయన పట్టాల వైపు చూశాడు. "అవును. రైల్వే కోటర్సులోన. మా మావ వర్కుసాపులో ఫిట్టరు," అన్నాడు.

"మరి బడికెలా వెళ్లేది?"

"రైల్లోనే," అన్నాడు నెమ్మదిగా. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. "నాను మొదట దాన్ని సూసింది కూడా రైల్లోనే. తలుపు కాడ నిలబడి, జడ గాలికి కొట్టుకుంటంటే జాంకాయ తింటంది. ఎంత దైర్యమో అనుకున్నాను." కొంచెం ఆగి, "ఇదంతా ఎలగ మరిసిపోనానే?" అని నన్నే అడిగాడు.

ఆ తర్వాతి రైల్లోంచి దిగింది పిన్ని. జుట్టంతా రేగిపోయి, చేతిలో పెద్ద సంచీతో, మొహం వెలిగిపోతూ. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"ఏటి, ఇద్దరూ ఎక్కడికి ఎల్తన్నారు?"

"ఎక్కడికీ లేదు. గాలికొచ్చినాం," అన్నాడు చిన్నాన్న, ఆ ఎండలో, చెమటతో తడిసిన చొక్కాతో.

"పోను ఎత్తలేదేటి?" అని ఉండబట్టలేక అడిగాడు.

"సంచీ అడుగున ఉండిపోనాది. కిటికీ కాడ కూకున్నాను, ఏటీ ఇనిపించలేదు." అంటూనే సంచీ ఆయన చేతిలో పెట్టింది. "బరువుగుంది, పట్టుకో. అప్ప పనసపండు ఇచ్చినాది."

ఇంటిదాకా ఆయన సంచీ మోశాడు, పిన్ని కబుర్లు మోసింది. పెద్దమ్మ కోడలు, పాత కోటర్సు, ఎదురు సీటులో కూర్చున్న ముసలావిడతో బర్మా భాషలో చెప్పుకున్న వంటలు. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. చిన్నాన్న మధ్యలో రెండుమూడుసార్లు ఏదో అనబోయి మానుకున్నాడు.

సీరియల్ వర్షాకాలంలో అయిపోయింది. ఆ చైనా భార్య విడాకులు తీసుకుని చిన్న పూలకొట్టు పెట్టుకుంది. మొగుడు అద్దం బయట నిలబడి ఏడ్చాడు. ఆమె లోపలికి రమ్మనలేదు. చిన్నాన్నకి బాధేసింది. "ఒక్కపాలి రానిస్తే ఏటి పోయింది? మనిసి మారుండొచ్చు కదా," అన్నాడు.

"మారినోడయితే పక్క కొట్టులో పని సూసుకుంటాడు, అద్దంలోంచి సూస్తాడేటి?" అంది పిన్ని.

ఇప్పుడు పిన్ని ప్రతి బుధవారం ఇన్సేన్ వెళుతుంది. ఆ రోజు చిన్నాన్నే వండుకుంటాడు. పప్పు నీళ్లలా ఉంటుంది గనక నాకు కొంచెం తెచ్చి, నా కూర గిన్నె పట్టుకుపోతాడు. పోయిన వారం నేనక్కడ ఉండగానే, గొంతు బాగా తగ్గించి, వచ్చే బుధవారం తనూ రావచ్చా అని పిన్నిని అడిగాడు.

పిన్ని బట్టలు మడతపెడుతూ ఆలోచించింది.

"అప్పని అడిగి సెప్తాను," అంది.