పిండిమర మోతలో మా అత్తయ్య గొంతు

పటమటలో మా వాటా కింద పిండిమర ఉంది. ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకునే నాకు ఆ మోత ప్రాణం తీసేది. మర యజమానితో గొడవకి దిగాను కూడా. ఆయన మా ఇంటి ఓనరుకి బావమరిదని తెలిశాక నోరు మూసుకుని, బెంజ్ సర్కిల్ దగ్గరికెళ్ళి మోత తగ్గించే ఇయర్‌ఫోన్స్ కొనుక్కొచ్చాను.

అవెలా పనిచేస్తాయో షాపులో అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. బయటివైపు చిన్న మైకు ఉంటుంది. అది మోతని విని, దానికి సరిగ్గా ఎదురు మోతని చెవిలో పుట్టిస్తుంది. ఒక అల పైకి లేచేచోట రెండోది కిందికి దిగుతుంది, రెండూ కలిసి చదునైపోతాయి. మర, ఫ్యాను, బస్సు ఇంజను లాంటి ఒకే తీరు మోతలనైతే బాగా అణిచేస్తుంది. ఉన్నట్టుండి పడే గిన్నె చప్పుణ్ణి అంత పట్టలేదు. మోతకి మోతతోనే జవాబు చెప్పడం నాలాంటి దానికి భలే నచ్చింది.

ఆ రోజుల్లో మా అత్తయ్యకి గొంతు లేదు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మాట గాలిలా వచ్చేది. చర్చిలో స్త్రీల కూటానికి ఎప్పుడూ పాట ఎత్తే మనిషి, వెనక బెంచీలో పెదవులు కదుపుతూ కూర్చునేది. రోజూ కాసేపు నోరు మూసుకుని మెల్లగా రాగం తీస్తే గొంతు తిరిగొస్తుందని డాక్టరుగారు చెప్పారు. ఆవిడ కొన్నాళ్ళు తీసి మానేసింది.

"నాకే వినపట్టం లేదమ్మాయ్. ఇంకెందుకు?"

నాకు కోపమొచ్చింది. ఆ వెంటనే, నిజంగానే ఇక పాడదేమోనని భయమేసింది.

ఓ పొద్దున ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నాలో నేనే గొణుక్కుంటుంటే, నా గొంతు తల లోపల గంటలా మోగింది. మన గొంతు ఎముకల గుండా కూడా చెవికి చేరుతుంది కదా, చెవి మూస్తే బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. వెంటనే లేచి వెళ్ళి వాటిని అత్తయ్య చెవుల్లో పెట్టాను.

"మర ఆపేశారా?" అంది.

ఆపలేదని చెయ్యి ఊపి, రాగం తియ్యమని సైగ చేశాను. విసుక్కుంటూనే తీసింది. కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ తీసింది.

"ఉందమ్మాయ్, లోపలే ఉంది!" అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

ఇక నా ఇయర్‌ఫోన్స్ నావి కాకుండా పోయాయి. కింద మర మొదలవగానే ఆవిడ చెయ్యి చాపేది, నా గదిలో కిటికీ పక్కన కూర్చుని సాధన చేసేది. నేను ఆ మోతలోనే లాప్‌టాప్‌లో మాట్లాడుకునేదాన్ని. హైదరాబాదు ఆఫీసులో మా మేనేజరు "మీ వెనక ఆ మరేంటండీ" అని ప్రతిసారీ సణిగేవారు.

మొన్న ఆయన మాట మధ్యలో ఆగారు. "మేడమ్, అక్కడెవరో పాడుతున్నారా అండీ?"

వెనక్కి తిరిగాను. కింద మర తిరుగుతూనే ఉంది. ఇయర్‌ఫోన్స్ ఒళ్ళో పడున్నాయి, అత్తయ్య బెండకాయలు తరుగుతూ తన ధ్యాసలో తను పాడుకుంటోంది.

"అత్తయ్యా, మీ గొంతు హైదరాబాదులో వినపడిందంట!"

చేతిలో కత్తి ఆగింది.

"అయితే ఈ ఆదివారం పాట నేనే ఎత్తుతానని కూటంలో చెప్పమ్మాయ్."