తలలెక్క తప్పని మేస్త్రీ

మక్తల్ బస్టాండు ఎదురుగా ఉన్న కంప్యూటర్ సెంటర్‌కి కుర్మయ్య వాచ్‌మన్. సెంటర్లో కంప్యూటర్లు మూడు. ఒకటి పనిచేసేది, ఒకటి బుద్ధి పుట్టినప్పుడు పనిచేసేది, మూడోది బోర్డు మీద "మూడు కంప్యూటర్లు కలవు" అని రాయించుకోవడానికి పనికొచ్చేది. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. రెండువేలు రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లు బెదరగొడుతున్నాయి. యజమాని మెహమూద్‌కి ఆ భయమేమీ లేదు, ఆయనవి ముందే ఆగిపోయి ఉన్నాయి. దొంగల భయం మాత్రం ఉంది. అందుకని ఊరంతా గాలించి, ఒక మోకాలు పూర్తిగా పట్టేసిన మనిషిని కాపలాకి పెట్టుకున్నాడు. కుర్మయ్య దొంగని తరిమి పట్టుకోలేడు గానీ, కూర్చోబెట్టి తన చరిత్ర చెప్పడం మొదలుపెడితే దొంగే ఎత్తుకున్నది దించేసి దండం పెట్టి పోతాడు.

ఆ చరిత్ర చిన్నదేమీ కాదు. ముప్ఫై ఏళ్ళు ఆయన గుంపు మేస్త్రీ. వానలు మొహం చాటేసిన ఏడాదల్లా చుట్టుపక్కల పల్లెల నుంచి జనాన్ని గుంపు కట్టి, ఎక్కడెక్కడి ఆనకట్టలకో కాలువలకో మట్టిపనికి రైలెక్కించి తీసుకుపోయేవాడు. దేశంలో ఏ ఆనకట్ట పేరెత్తినా "గదా? గది నేను గట్టినదే" అనేవాడు. మట్టి మోసింది నలభై మంది, కట్టింది మాత్రం ఆయనొక్కడే. ఏ టేషన్లో చాయ్ బాగుంటుందో, ఏ టేషన్లో పూరీలు గట్టిగా ఉంటాయో గులాం నబీ హోటల్లో కూర్చుని చెబుతుంటే, మహబూబ్‌నగర్ దాటని వాళ్ళు కూడా దేశమంతా తిరిగొచ్చినట్టు అలిసిపోయేవాళ్ళు.

అన్నిటికన్నా పెద్ద పేరు తలలెక్కది. రైలెక్కే ముందు, దిగాక, పనిలోకి దిగే ముందు, పని ముగిశాక గుంపుని వరసలో నిలబెట్టి, చేతిలోని తుమ్మ పుల్లతో ఒక్కొక్కళ్ళ భుజం తాకుతూ లెక్కపెట్టేవాడు. చదువు రాదు గానీ లెక్క తప్పడు. "కుర్మయ్య మేస్త్రీ తీస్కపోయిన తలకాయలన్నిటిని తిరిగి తెస్తడు" అని నాలుగు మండలాల్లో మాట. తల్లులు ఆ మాట నమ్మి పిల్లల్ని పంపేవాళ్ళు. అంత పేరు ఉన్నవాడికి సాధారణంగా ఒక అబద్ధం కూడా ఉంటుంది. కుర్మయ్యకీ ఉంది.

పదకొండేళ్ళ కింద ఉత్తరదేశంలో పని ముగించుకుని వస్తుంటే, రైలెక్కినప్పుడు నలభై ముగ్గురున్న గుంపు రాయచూరులో దిగేసరికి నలభై ఇద్దరయింది. తప్పిపోయినవాడు ఏసోబు. నీళ్ళకో దేనికో దారిలో దిగి ఉంటాడు, గుంపు తలో పెట్టెలో ఉండటంతో ఎవరూ చూడలేదు. వాడికి హిందీ రాదు, అక్షరం రాదు, టికెట్టు మేస్త్రీ దగ్గర. వెనక్కి పోయి వెతకాల్సిన మేస్త్రీ ఊరికొచ్చాడు. వచ్చి, నేరుగా గులాం నబీ హోటల్లో కూర్చుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. "ఏసోబు రైలెక్కి గూడ నడుమల్నే దిగిపోయిండు, రానన్నడు. గాడ ఒకామెతోని ఉంటడంట. చేతులు వట్టుకొని బతిలాడిన, ఇనలే." రానన్నవాణ్ణి తేలేకపోతే మేస్త్రీ తప్పేముంది? తలలెక్క తప్పలేదు, పేరు నిలిచింది. పోయిందల్లా ఏసోబు పెళ్ళాం బక్కమ్మ పరువు. మొగుడు వదిలేసిన ఆడది అన్నారు. ఏదో లోపం లేకపోతే ఎందుకు వదిలేస్తాడన్నారు. బక్కమ్మ ఎవరితోనూ వాదించలేదు. బస్టాండు దగ్గర పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు అమ్ముకుంటూ బతికింది. ఆమె పొయ్యి సరిగ్గా కంప్యూటర్ సెంటర్‌కి పది గజాల దూరం. కుర్మయ్య ఆ పది గజాలు తప్పించుకోవడానికి రోజూ బస్టాండు చుట్టూ తిరిగి, పట్టేసిన మోకాలుతో సెంటర్‌కి వచ్చేవాడు.

ఇక ఆట సంగతి. మెహమూద్ హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద ఒక కంప్యూటర్ ఆట సీడీ కొనుక్కొచ్చాడు. పాఠాలకి వచ్చే వాళ్ళు తగ్గిపోతుంటే ఆటలకైనా వస్తారని. అందులో ఒక వీరుడు. గుర్రమూ కత్తీ ఉంటాయి. కొమ్ముల రాక్షసుల్ని చంపేకొద్దీ వాడి బలం పెరుగుతుంది, మంత్రాలు వస్తాయి. అంతే అయితే సుఖమే. వాడలా ఒక దేశం గెలిచి ఇంకో దేశానికి పోతుండగానే వెనకాల కోట కట్టించాలి, గనిలో బంగారం తవ్వించాలి, అడవిలో చెట్లు కొట్టించాలి, సైన్యాన్ని పెంచాలి. మనం ఆలోచించుకునేదాకా శత్రువు ఆగడు. చాయ్ తాగి వచ్చేసరికి గోడ పగలగొట్టి లోపల కూర్చుంటాడు. ఊళ్ళో డిగ్రీలు చదివిన కుర్రకారంతా వీరుడి గుర్రం మీదే కన్నేసి, కోటని గాలికొదిలేసి, మూడో దేశంలోనే బోర్లాపడేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం సెంటర్ ఖాళీగా ఉంది. మెహమూద్ ఆడుతుంటే కుర్మయ్య వెనక నిలబడి చూశాడు. ఆయన కళ్ళు వీరుణ్ణి దాటి, మూలన గొడ్డళ్ళు పట్టుకుని తిరుగుతున్న చీమలంత మనుషుల మీద పడ్డాయి.

"గీళ్ళెవరు సాబ్?"

"కూలోళ్ళు."

"ఏ ఊరోళ్ళు?"

"ఊరేంది మేస్త్రీ, ఆటల మనుషులు."

"మరి గీళ్ళ మేస్త్రీ ఎవడు?"

"నువ్వే అనుకోరాదు!" అని నవ్వి మెహమూద్ కుర్చీ ఖాళీ చేశాడు. ఆ నవ్వుకి తర్వాత చాలా చింతించాడు, ఎందుకంటే కుర్మయ్య మళ్ళీ లేవలేదు.

మొదటి రోజు మౌసుని తాపీలా పట్టుకుని బల్లకి పూత పూశాడు. రెండో రోజుకి చెయ్యి తిరిగింది. మూడో రోజు గోడ గడియారం ఒంటిగంట కొట్టగానే కూలీలందర్నీ పని మాన్పించి చెట్ల కిందికి చేర్చాడు.

"ఏం చేస్తున్నవ్ మేస్త్రీ? దుష్మన్ వస్తాండు!" అని మెహమూద్ మొత్తుకున్నాడు.

"అన్నాలు తినే యాళ్ళయింది."

"గాళ్ళు తినరు!"

"నువ్వెప్పుడన్న పెట్టినవా, తినరనీకె?"

కొమ్ములవాళ్ళు వచ్చి కోట తగలబెట్టారు. కుర్మయ్య మధ్యాహ్నం భోజనం మాత్రం మానలేదు, కాకపోతే ఆ వేళకి గుర్రమెక్కిన వీరుణ్ణి తెచ్చి చెట్ల దగ్గర కాపలా నిలబెట్టాడు. వీరుడి మీద ఆయనకి మొదట్నుంచీ మంచి అభిప్రాయం లేదు. "ఒక్క గంప మట్టి మోసింది లేదు, గుర్రం మీద తిరుగుడే. కాంట్రాక్టర్ బామ్మర్ది అనుకుంట" అన్నాడు. అలా ప్రపంచాన్ని ఉద్ధరించాల్సిన మహావీరుడు మక్తల్‌లో కూలోళ్ళ సద్దిమూటలకి వాచ్‌మన్ అయ్యాడు.

చిత్రమేమిటంటే, కుర్మయ్య గెలవడం మొదలుపెట్టాడు. కూలీ చావకపోతే చెట్లు పడతాయి, చెట్లు పడితే కోట లేస్తుంది, కోట ఉంటే సైన్యం పుడుతుంది. ఈ మాట ఆయన ముప్ఫై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు, ఏ కాంట్రాక్టరూ విననేలేదు. నాలుగో దేశం దాటాడు, అయిదోది దాటాడు. కూలీలకి పేర్లు కూడా పెట్టాడు. వీడు జంగయ్య, వాడు సాయన్న, గనిలో దిగేది సుక్కమ్మ. అన్నీ తన పాత గుంపు పేర్లే. ఎప్పుడూ అందరికన్నా వెనకబడి, అడవి చివర ఒంటరిగా చెట్టు కొడుతుండే ఒకడికి మాత్రం పేరు పెట్టలేదు. మెహమూద్ అడిగితే "గానికి పేరు లేదు తీ" అని మొహం తిప్పుకున్నాడు.

ఏడో దేశానికి వచ్చేసరికి ఊరంతా తెలిసిపోయింది. అక్షరం రాని మేస్త్రీ ఇంగ్లీషు ఆటలో రాజ్యాలు గెలుస్తున్నాడట! సంత రోజు కావడంతో కిటికీ నిండా తలలే. బెల్లం కొనడానికొచ్చినవాళ్ళు బెల్లం మరిచిపోయారు. దేశం చివర ఒక రాతి దర్వాజా ఉంది. వీరుడు అందులోంచి నడిస్తే ఆఖరి దేశం, సింహాసనం. వీరుడి చుట్టూ నిలబడ్డవాళ్ళు వాడితో పాటు దాటతారు. దూరంగా ఉండిపోయినవాళ్ళు ఆ దేశంతో పాటే మాయమైపోతారు. వెనక దుమ్ము రేపుకుంటూ శత్రుసైన్యం వస్తోంది.

కుర్మయ్య తుమ్మ పుల్ల తీశాడు. తెర మీద ఒక్కొక్క మనిషినీ పుల్లతో తాకుతూ లెక్కపెట్టాడు. పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. పంతొమ్మిదే. ఇరవై ఉండాలి.

"ఒక్కడు లేడు."

"ఉన్నడు, అడివిల చిక్కిండు" అన్నాడు మెహమూద్. "ఒక్కడే గద మేస్త్రీ, ఉండనియ్యి. దర్వాజ దాటు జల్ది. ఎవరడుగుతరు గాన్ని?"

కిటికీ దగ్గర జనం కూడా అదే అన్నారు. దాటు, దాటు అని అరిచారు. కుర్మయ్య చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. ఎవరడుగుతారు? నిజమే. హోటల్లో చెప్పింది విన్నాక, పదకొండేళ్ళలో ఒక్కరూ మళ్ళీ అడగలేదు. ఒక్కరైనా అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేసేవాడేమో. అడగకపోవడమే ఆయన పేరుని కాపాడింది, అదే ఆయన్ని లోపల్లోపల తినేసింది.

వీరుణ్ణి వెనక్కి తిప్పాడు.

కిటికీ మొత్తం గొల్లుమంది. వీరుడు అడవి చివరిదాకా పోయి చూస్తే, ఆ పేరు లేనివాడు రెండు చెట్ల మధ్య ఇరుక్కుని, ఎవరూ రావడం లేదని కూడా తెలియక ఇంకా గొడ్డలి ఆడిస్తున్నాడు. కుర్మయ్య వాడి పక్కన గుర్రం నిలబెట్టాడు. ఈలోగా కొమ్ములవాళ్ళు కోట కాల్చి, దర్వాజా దగ్గర ఉన్న పంతొమ్మిది మందినీ నరికి, అడవిలోకి వచ్చి ఈ ఇద్దర్నీ పూర్తిచేశారు. తెర నల్లబడింది.

"ఒక్క కట్టెలు కొట్టెటోని కోసం రాజ్యం అగ్గిల వోసిండు" అన్నారెవరో. అందరూ నవ్వారు. సంతకి వచ్చినందుకు వినోదం కూడా దొరికిందని బెల్లం కొనడానికి పోయారు.

"ఫికర్ చెయ్యకు మేస్త్రీ. మల్ల మొదటి సంది ఆడొచ్చు" అన్నాడు మెహమూద్.

"గీడ ఆడొచ్చు సాబ్" అని కుర్మయ్య లేచాడు. బస్టాండు చుట్టూ తిరగలేదు. ఆ పది గజాలూ నేరుగా నడిచి బక్కమ్మ పొయ్యి ముందు నిలబడ్డాడు. ఆమె రొట్టె తడుతోంది, తలెత్తలేదు.

"బక్కమ్మా, ఏసోబు రాననలే. ఏ ఆడదీ లేదు. రైలు దిగి యాడనో తప్పిపోయిండు. నేను ఎంకకు వోలే. నా పేరు పోతదని అబద్ధం జెప్పిన."

ఆమె చేతిలోని రొట్టె పెనం మీద వెయ్యడం మరిచిపోయింది. తలెత్తి ఆయన మొహం చూసింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, పెనం తీసి కొట్టినా పడదామనుకున్నాడు.

"గీ మాట నాకు జెప్తె ఏమొస్తది?" అంది. "అప్పుడు నువ్వు నాకు జెప్పలే. హోటల్ల జెప్పినవ్. ఆడికి నడువు."

గులాం నబీ హోటల్ సంత జనంతో కిటకిటలాడుతోంది. సింహాసనం పోగొట్టుకున్న రాజుగారిని చూసి ఒకరిద్దరు వేళాకోళానికి నోరు తెరిచారు. కుర్మయ్య వాళ్ళని మాట్లాడనివ్వలేదు. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాడు. ఆనకట్టల గురించి గంటలు గంటలు చెప్పే మనిషికి ఇది చెప్పడానికి నాలుగు మాటలే పట్టాయి. గులాం నబీ చాయ్ పొయ్యడం ఆపేశాడు. ఎవరో నమ్మలేక "అంటే తలలెక్క..." అన్నారు.

"తప్పింది" అన్నాడు కుర్మయ్య.

ఆ ఒక్క ముక్కతో ముప్ఫై ఏళ్ళ మేస్త్రీతనం పోయింది. బక్కమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఇన్నేళ్ళూ తన వెనక గుసగుసలాడిన మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. "ఇన్నరు గద? నేను మొగడు ఇడిసినదాన్ని గాదు. మొగడు తప్పిపోయినదాన్ని." చేతికంటిన పిండి దులుపుకుంది. "పదకొండేండ్లు ఆయన్ని తిట్టుకున్న. పొయ్యి ముట్టిచ్చినప్పుడల్ల తిట్టుకున్న." కొంగుతో మొహం తుడుచుకుని కుర్మయ్య వైపు తిరిగింది. "ఏ టేషన్ల?"

దేశంలోని టేషన్లన్నిట్లో చాయ్ రుచి చెప్పగల మనిషి నేల చూశాడు.

"తెల్వది."

"తెల్వదా?"

"తాగి పండుకున్న. పొద్దుగాల లెక్కవెట్టిన, ఉండె. పొద్దుగూకినంక లెక్కవెట్టిన, లేకుండె. నడుమ ఎన్ని టేషన్లు వొయినయో నాకెర్క లేదు."

హోటల్లో ఎవరో నిట్టూర్చారు. బక్కమ్మ మాత్రం, సంతలో కూరగాయలు ఎక్కడున్నాయో విన్నట్టు, తలాడించింది.

"అయితె అన్నిట్ల దిగుదం" అంది. "మెల్లగనే నడువు, నీ మోకాలు సంగతి నాకెర్కనే."

ఆమె వెనక్కి పోయి పొయ్యి మీద నీళ్ళు చల్లి, రాయచూరు బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి బస్టాండులోకి వెళ్ళింది.