కనేలో గడ్డం కింది చెయ్యి

నేను పట్టిన చేప తల ఒడ్డుకు చేరిన రెండు రోజులకు గాని తోక రాలేదంటే మా వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నా పేరు కూకో. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, అబద్ధమైనా సొంతంగా కట్టుకోవాలి కదా. దొన్యా వెర్నా సంగతిలో మాత్రం నేను కలిపిందేమీ లేదు.

ముప్ఫై ఏళ్లు కెనడా మంచులో ఉత్తరాలు పంచి, పింఛను మొదలవగానే మెక్సికోలో సముద్రం పక్కనున్న మా శాంతా బ్రిసాకు వచ్చేసింది వెర్నా. పెద్ద వయసు ఆడవాళ్లను మేం దొన్యా అంటాం. ఊరు ఆమెను అలా పిలవడానికి ఏడాది పట్టింది. వీధికుక్కలకు ఒక్క పూట చాలింది. పొద్దున్నే కోడిమెడలు ఉడకేస్తే ఎనిమిది కుక్కలు గేటు తోసుకొచ్చి, ముందు ఆమె చేతులు నాకి, తర్వాతే గిన్నె ముట్టేవి. వాటిలో ముసలిది కనేలో, దాల్చినచెక్క రంగుది. వానల్లో చచ్చిపోయింది. కొబ్బరిచెట్టు కింద గొయ్యి నేనే తవ్వాను, ఒంటి చేత్తో, రెండో చేత్తో ఈగలు తోలుకుంటూ.

చచ్చిపోయిన పెంపుడు జంతువులు ఏటా అక్టోబరు ఇరవయ్యేడున ఇళ్లకు వస్తాయి. బంతిపూలు, నీళ్లు, కొవ్వొత్తి, ఫోటో పెట్టి పీఠం కడతాం. ఆ సాయంత్రం వెర్నా కూడా కట్టింది. పక్కింట్లో మొక్కజొన్న రొట్టెలు చేసే ఎవులాలియా చూడ్డానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో తల్లీ, ఆ ఫోటోలో నువ్వున్నావేంటి?"

"కనేలోది నా దగ్గరున్నది అదొక్కటే."

"బతికున్న మనిషి మొహం ఎవరైనా పీఠం మీద పెడతారా? నన్నూ తీసుకుపొండని పిలిచినట్టే! కత్తిరించెయ్."

"వాడి గడ్డం కింద ఉన్నది నా చెయ్యి. అదెలా కొయ్యను?"

"పోనీ నా ఫోటో పెట్టండి దొన్యా," అన్నాను. "నా అందం చూసి చావే సిగ్గుపడి వెనక్కెళ్తుంది."

"నిన్ను తీసుకెళ్తే అక్కడివాళ్లకు చెవులు మిగలవురా కూకో!" అంది ఎవులాలియా.

వెర్నా నవ్వి కొవ్వొత్తి వెలిగించింది.

మర్నాడు పొద్దున కొబ్బరిబోండాలు ఇవ్వడానికి వెళ్లాను. గేటు బార్లా తెరిచి ఉంది. ఏడు కుక్కలూ బయట ఇసుకలో వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ మొరగడం లేదు. వెర్నా పిలుస్తోంది, గిన్నె మోగిస్తోంది. బయటికొచ్చి ఒంటిచెవి కుక్క ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. అది వాసన చూడలేదు. దాని చూపు ఆమెలోంచి దూరి వెనకున్న గోడ మీద ఆగింది. నేను పిలిస్తే తోకూపింది.

"కూకో, నేను కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారు దొన్యా. ఎర్ర గౌను, తెగిన చెప్పులు."

లోపల పీఠం మీద నీళ్లు సగమయ్యాయి. కొబ్బరిచెట్టు దగ్గర్నుంచి గచ్చు మీద కుక్క తడి కాలిగుర్తులు పీఠం దాకా వచ్చాయి. తిరిగి వెళ్లినవి లేవు.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. నేను పెడితే కుక్కలు తిన్నాయి. ఆమె పెడితే గిన్నె ఉన్నట్టే వాటికి తెలియలేదు. ఆమె తిండి మానేసింది.

"పోయినవాళ్లందరూ నవంబరు రెండున తిరిగెళ్తారు," అంది ఎవులాలియా. "ఆ ఫోటో అలాగే ఉంటే నువ్వూ వాళ్ల వెంటే. నీ కుక్కలకు అప్పుడే తెలిసిపోయింది, చూళ్లేదూ?"

ఒకటో తారీఖు సాయంత్రం వెర్నా కత్తెర అడిగింది. తన మొహం కోసింది, భుజం కోసింది. కుడి మణికట్టు దగ్గర ఆగింది.

"చెయ్యి కూడా నీదేనమ్మా, కొయ్యి!"

"కోస్తే వాడు గడ్డం దేనికి ఆనించుకుంటాడు ఎవులాలియా?"

కత్తెర కింద పెట్టేసింది. బయట ఒంటిచెవిది మొరిగింది. ఏడూ ఒక్కసారిగా దూసుకొచ్చి ఆమెను నేల మీద పడేసి మొహం, మెడ, ఎడమచెయ్యి నాకేశాయి. కుడిచేతి దగ్గరికి మాత్రం ఏదీ పోలేదు.

ఇప్పటికి మూడేళ్లయింది. ఇప్పటికీ అవి ఆ చేతిని నాకవు. మే నెల ఎండలో కూడా అది చల్లగా ఉంటుంది. సాయంత్రాలు కుర్చీలో కూర్చుని, అరచెయ్యి పైకి దొప్పలా పట్టుకుని, బరువు మోస్తున్నట్టు ఉంటుంది ఆమె.

ఒకరోజు పరాచికానికి అందులో నా గడ్డం ఆనించబోయాను.

"చోటు లేదు కూకో," అంది మెల్లగా.

లేచి మూతి తుడుచుకున్నాను. నా పెదవికి దాల్చినచెక్క రంగు వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది.