గీకేసిన చుక్క

ధర్మపురి చుట్టుపక్కల ఊళ్లలో గోడల మీద ఎరువుల ప్రకటనలు రాసిన చెయ్యి సదానందానిది. సౌదీలో ధహ్రాన్‌లోని ఒక పరిశోధనశాలలో మెయింటెనెన్స్ పనికి చేరి, తలుపులకు రంగులేస్తూ, గదుల మీద నంబర్లు రాస్తూ ఉండేవాడు. గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది ఇంకో పని తగిలింది. కువైట్ బావుల పొగ మీద, తీరానికి కొట్టుకొచ్చిన చమురు మీద డాక్టర్లు పరిశోధనలు చేసి, సభల్లో గోడకు తగిలించే పోస్టర్లు అతనితో రాయించేవారు.

సదానందం మొహమాటపడేవాడు కాదు. బస్సులో పోయేవాడు గోడను ఎంతసేపు చూస్తాడో మీ పెద్దమనుషులూ అంతే చూస్తారనేవాడు. ఆరడుగుల దూరం నుంచి చదవలేనిది రాయొద్దనేవాడు. చెప్పాల్సింది ఒక్కటే పెట్టి చుట్టూ తెల్లగా వదలమనేవాడు. హైదరాబాద్ డాక్టరు ఫక్రుద్దీన్ మొదట నవ్వి, తర్వాత తన పోస్టరులో సగం రాత కొట్టేశాడు.

ఆ పోస్టరు తీరంలో చమురు ఎత్తిన నలభై ఒక్కమంది కూలీల ఊపిరి గురించి. మనిషికొక చుక్క, డాక్టరే నల్ల సిరాతో పెట్టాడు. ఏ చుక్క ఎక్కడెందుకుందో సదానందం అడగలేదు. అక్షరాలే తన పని. ఆ కూలీల్లో అతని ఊరివాడు, క్యాంపులో పక్క మంచం దేవన్న ఉన్నాడు. పది మెట్లెక్కితే దేవన్న కూలబడేవాడు. అది బీడీల దగ్గని, వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తామని కంపెనీ అంటోంది. బావుల పొగలో చమురు ఎత్తడం వల్లేనని రియాద్ సభలో కంపెనీ పెద్ద డాక్టరు ఒప్పుకుంటే ఇక్కడే వైద్యం దొరుకుతుంది. ఫక్రుద్దీన్‌కు రియాద్ వెళ్లేందుకు అనుమతి కాగితం రాలేదు. పోస్టరు ఒక్కటే వెళ్లాలి.

పంపే రోజు సదానందం బోర్డును చివరిసారి తుడిచాడు. చుక్కలన్నీ పైన గుంపుగా ఉన్నాయి. కింద మూలన, తెల్లటి జాగాలో, ఒక్కటే మచ్చ. తన బ్రష్షు నుంచి రాలిందనుకున్నాడు. గోడ రాసేవాడికి రాలిన చుక్కంటే నామోషీ. జేబులోని బ్లేడు తీసి, కాగితం చిరగకుండా నేర్పుగా గీకేశాడు. అంతలో కారు వచ్చింది.

పదిరోజులకు పోస్టరు తిరిగొచ్చింది. దూరం నుంచి కూడా బాగా కనిపించిందని మెచ్చుకున్నారట. కంపెనీ డాక్టరు ఒక్క నిమిషం నిలబడి, అందరూ బాగానే ఉన్నారుగా అని వెళ్లిపోయాడట. ఫక్రుద్దీన్ వేలు పెట్టి చుక్కలు లెక్కించాడు. మళ్లీ లెక్కించాడు. నలభై. కింది మూలను తడిమి, ఊపిరి తగ్గినకొద్దీ చుక్క కిందికి దిగుతుంది, ఇక్కడుండాల్సింది దేవన్న అన్నాడు. తిట్టలేదు. తప్పు సరిదిద్దుతూ కంపెనీకి ఉత్తరం రాశాడు. జవాబు రాకముందే దేవన్న పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర పడింది.

ఎయిర్‌పోర్టు వ్యాను దాకా సదానందమే సంచి మోశాడు. దేవన్న ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"నా చుక్క చూసిన్రా తమ్మీ, పెద్ద డాక్టర్లు?"

"లేదన్నా. నేనే గీకేసిన. నా బ్రష్షుకెల్లి పడ్డ మచ్చ అనుకున్న."

దేవన్న వ్యాను తలుపు పట్టుకున్నాడు.

"అందరికి అంత దూరముంటె మచ్చ లెక్కనే కనవడ్తది తియ్" అని సంచి అందుకున్నాడు.

వానలు పడకముందే దేవన్న భార్య ముత్యవ్వ రాయించిన ఉత్తరం వచ్చింది. అందులో రెండే ముక్కలున్నాయి: దేవన్న పోయిండు.

సదానందం ఇంకో పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. ఏ పోస్టరు వచ్చినా ముందు చుక్కలు లెక్కపెట్టేవాడు. దూరంగా ఒకటి కనిపిస్తే, "ఇది ఎవరు సార్?" అని అడిగేవాడు. అది మనిషి కాదు, చేప అని చెప్పి కొత్త డాక్టర్లు నవ్వేవారు. ఏ చేపో చెప్పేదాకా అతను బ్రష్షు తడిపేవాడు కాదు.