పడవ వెనక రాసిన ఊరు

మా ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పెయింట్ షాపు మనిషి. రంగు కొట్టేవాళ్ళు వేరు, అక్షరాలు రాసేవాళ్ళు వేరు. ఆయన రాసేవాడు. మరమ్మతు అయి బయటికెళ్ళే ప్రతి వ్యాగన్ పక్కనా, అది మళ్ళీ ఏ తారీకుకు ఏ షాపుకు తిరిగి రావాలో రాస్తారు. అది రాయనిదే బండిని వదలరు. లైను పక్కన నడుస్తుంటే ఆగి ఉన్న గూడ్సు చూపించి "ఇది నా సెయ్యే" అనేవాడు. నాకు చదువు రాదు. బాగుంది అనేదాన్ని.

రిటైరయ్యాక ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరు వదిలేసి అదే ఊళ్ళో ఝపటాపూర్‌లో ఒక కిరాణా కొట్టు వెనక రెండు గదులు తీసుకున్నాం. అప్పటికే షుగరు ఆయన కళ్ళ మీద పడింది. ఎడమ కంటికి కలకత్తాలో ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పాక ఆ కన్ను మరి కనబడలేదు. కుడి కంట్లో కూడా రక్తం చేరుతోందని, తొందరగా ఆపరేషన్ చేస్తే నిలవొచ్చని, ఆలస్యం చేస్తే కష్టమని డాక్టరు చెప్పాడు. నిలుస్తుందని మాత్రం అనలేదు. మా ఆయన దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే ఫోన్లో ఆ పడవ కనబడింది. తెరచాప పడవ. విదేశీ మొగుడూ పెళ్ళాం, తలలు నెరిసినవాళ్ళే, మెక్సికో ఒడ్డు వెంట ఊరూరా దిగుతూ వీడియోలు పెడుతున్నారు. పడవ వెనక దాని పేరూ, పేరు కింద ఒక ఊరి పేరూ ఉన్నాయి. మా ఆయన ఫోను ముక్కుకి ఆనించుకుని చూశాడు.

"స్టిక్కర్ కాదే. కుంచెతో రాసినాడు. ఆ ఆర్ అచ్చరం కాలు సూడు, ఎలగ లాగినాడో!"

"కింద రాసిందేటి, మావా?"

"పోర్ట్‌లాండ్. దాని షాపు. తిరిగి అక్కడికే ఎల్లాలన్న మాట. మన బండి మీద రాయమేటి?"

నాకూ అది సబబుగానే తోచింది. మా ఇద్దరి బతుకూ బండ్ల మీది రాతల పక్కనే గడిచింది. రాసిన చోటికి బండి తిరిగి రావలసిందే. పై వాటాలో ఉండే సిస్టరమ్మకు ఆ వీడియో చూపించి, ఆ ఊరు ఎక్కడని అడిగాం. ఆవిడా మన తెలుగావిడే, నర్సుగా చేసి రిటైరైంది, ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ ఊరు అమెరికాలో ఉందనీ, మెక్సికోకి చాలా పైన అనీ చెప్పింది. మేం అడిగింది అంతే, ఆవిడ చెప్పిందీ అంతే.

"అయితే ఇప్పుడు డౌన్‌లో పోతన్నాది," అన్నాడు మా ఆయన. "అప్‌లో తిరిగి షాపుకి సేరనీ. అది సూసి కలకత్తా ఎల్దాం."

"పడవ కోసం కంటి ఆపరేషన్ ఆపుకుంటావేటి? మతి పోనాదా?"

"ఉన్నదీ పోతే మరింక సూడ్నానికేటుంటాది? ఒక్కటి పూర్తిగా సూడనీయే."

నేను అరిచాను, ఏడ్చాను, ఒక పూట వంట మానేశాను. ఆయన అటుకులు నానబెట్టుకుని తిన్నాడు. తిన్నాక మళ్ళీ ఫోను తెరిచాడు.

నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఏం చేస్తాను? ఎన్సెనాడా, లా పాజ్, మసత్లాన్, శాన్ బ్లాస్. రేవు ఒడ్డున పసుపూ నీలం గోడల ఇళ్ళు. కర్రల మీద సంచిమూతి పక్షులు. వేయించిన చేపను మొక్కజొన్న రొట్టెలో చుట్టి నిమ్మకాయ పిండి ఇచ్చే ఆడవాళ్ళు. ఆ పెళ్ళాం ప్రతి ఊళ్ళోనూ బజారుకెళ్ళి టమాటాలు నొక్కి చూసేది. ఊరు మారినప్పుడల్లా పేరు పెద్ద అక్షరాల్లో వచ్చేది. మా ఆయన చదివి చెప్పేవాడు.

శాన్ బ్లాస్ దాటాక చదవలేకపోయాడు. అక్షరాల మీద సాలీడు నడుస్తోందన్నాడు. ఆ మర్నాడు సుద్దముక్క తెచ్చి వంటగది గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇలగ రా. ఇది ఏ. రెండు కాళ్ళు, మజ్జన పట్టీ."

"ఇప్పుడు నాకెందుకు మావా సదువు? నవ్వుతారు."

"నువ్వు సదివితే నాను ఇంటాను."

ఆయనకు చిన్న రాత కనబడదు కాబట్టి ఒక్కో అక్షరం మూరెడు ఉండేది, వ్యాగన్ మీద రాసే సైజు. రాసినదాని మీద నా వేలు పట్టుకుని నడిపించేవాడు. ఎస్ దగ్గర వేలు జారిపోతే కసిరేవాడు. అన్నం వండాలంటే గచ్చు తుడవాలి, తుడిస్తే అక్షరాలు పోతాయి. అవి దాటుకుంటూ వండాను. అలా ఇంగ్లీషు పెద్దక్షరాలు వచ్చాయి నాకు. తెలుగు తర్వాత సిస్టరమ్మ నేర్పింది.

బర్రా దె నవిదాద్. ఆ పేరు మొదటిసారి నేనే చదివాను, తప్పులతో. ఆయన తల ఊపాడు.

అక్కడ తుఫాను కాలం వచ్చిందని పడవను పట్టీలతో ఎత్తి ఒడ్డున స్టాండ్ల మీద నిలబెట్టారు. అడుగున పట్టిన గుల్లలు గీకారు, రంగు కొట్టారు. ఫోను ఆయన చెవి దగ్గరే ఉంది, గీకుడు చప్పుడు వింటూ నవ్వాడు. చాన్నాళ్ళకు నవ్వాడు. ఆ తర్వాత వీడియోలో పడవాయన పడవ వెనక నిలబడి, వెలిసిన పేరు మీద మళ్ళీ కుంచె పెట్టాడు. పేరుతో పాటు ఊరూ రాశాడు. నేను అక్షరం అక్షరం చెప్పాను.

"పీ ఓ ఆర్ టీ..."

"సూసినావా? కొత్తగా రాసినాడంటే ఏటి? బయటికి వదుల్తన్నారు. ఇంక అప్ లైనే."

ఆ వారమే కలకత్తా వెళ్ళడానికి సిస్టరమ్మ ఏర్పాట్లు చేసింది. ఆయన రానన్నాడు. రంగు ఆరాక పడవ కదుల్తుంది కదా, ఇంకెంతలే అన్నాడు. నేను గట్టిగా లాక్కుపోవలసింది అని మా వాళ్ళంతా తర్వాత అన్నారు. తలుపు కమ్మీ పట్టుకుని కూర్చున్న మనిషిని లాగి చూడమనండి.

తర్వాతి వీడియోలో పడవ స్టాండ్ల మీదే ఉంది. ముందు రెయిలింగుకి పసుపు బోర్డు కట్టి ఉంది.

"ఏటి రాసినారు?"

"ఎఫ్ ఓ ఆర్. తర్వాత ఎస్ ఏ ఎల్ ఈ." అక్షరాలు చెప్పాను గానీ అవి కలిస్తే ఏమవుతుందో నాకు తెలియదు.

నేను సిస్టరమ్మను పిలిచాను. ఆవిడ వచ్చి మొత్తం విన్నది. వీడియోలో పడవావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"అమ్మేస్తన్నారు పిన్నీ. ఆయనకి ఒంట్లో బాగోనేదంట. విమానంలో ఎల్లిపోతారంట. కొనేవోళ్ళు సూత్తారని రంగేయించినారంట."

"పోర్ట్‌లాండ్?" అన్నాడు మా ఆయన.

"అది రిజిస్టరీ కోసం రాసే ఊరు, బాబాయ్. పడవ అక్కడికి ఎల్లాలని కాదు. ఈ పడవ ఆ ఊరు ఎప్పుడూ సూడనేదని ఆ పడవావిడే నవ్వతా సెప్పింది, మొదట్లో మీరు సూపించిన దాంట్లో."

మొదట్లో చెప్పింది. అప్పుడు మేం మాటలు తెలియక బొమ్మలే చూస్తున్నాం.

"రాసి మరీ ఎల్లరా?" అన్నాడాయన. ఎవరినీ అడిగినట్టు లేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత కలకత్తా వెళ్ళాం. రమ్మనగానే వచ్చాడు, చొక్కా గుండీలు కూడా నేనే పెట్టాను. డాక్టరు కంట్లో లైటు వేసి ఎక్కువసేపు చూడలేదు. ఇప్పుడు చేసినా లాభం లేదన్నాడు. ఆయన అదేదో పక్కవాడి సంగతైనట్టు విన్నాడు. మెట్లు దిగుతుంటే నా భుజం పట్టుకున్న చేతిలో బరువే లేదు.

తిరుగు లోకల్‌లో కిటికీ పక్కన నేను కూర్చున్నాను. నేర్పినవి కదా అని స్టేషన్ బోర్డులు పైకి చదవబోయాను. ఉలుబేరియా, బాగ్నాన్. కోలాఘాట్ వంతెన మీదికి రాగానే, "ఇంక సదవకే," అన్నాడు. మానేశాను. పాన్స్‌కురా వచ్చింది, బాలిచక్ వచ్చింది, నోరు మూసుకుని చదువుకున్నాను. మానుదామన్నా కన్ను అక్షరం మీదికి పోతోంది.

ఖరగ్‌పూర్‌లో దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. పక్క లైనులో గూడ్సు ఆగి ఉంది. నా ఎదుటి వ్యాగన్ మీద తెల్లటి రంగుతో తిరిగి రావలసిన తారీకూ, కింద మన షాపు పేరూ ఉన్నాయి. ఎవరి చెయ్యో నాకు తెలియదు. ఇప్పుడు ఎవరూ చెప్పరు.

"ఆగిపోనావేటి? ఏటి సూత్తన్నావు?" అన్నాడు.

"ఏటీ లేదు మావా. నడు."